ఎంబీబీఎస్ తర్వాత సినిమా: ఏ మెట్టు మీద వదిలితే ఎంత ఖర్చు?

విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఎన్టీఆర్ పేరు ఉంది. ఆయన గుంటూరు ఏసీ కాలేజీలో చదువుకుని, 1947లో గుంటూరు జిల్లా ప్రత్తిపాడులో సబ్ రిజిస్ట్రారుగా చేరి, మూడు వారాలకే ఆ కుర్చీ వదిలి సినిమాల కోసం మద్రాసు వెళ్లిన మనిషి. ఆ కాలంలో సబ్ రిజిస్ట్రారు ఉద్యోగమంటే ఇంటిల్లిపాదికీ భరోసా. మన రాష్ట్రంలో చాలామంది డాక్టర్ల పట్టా మీద ఇవాళ అదే పేరు అచ్చయి ఉంటుంది. అయినా విజయవాడ, గుంటూరు ఊళ్లలో ఏ హౌస్ సర్జనైనా (ఎంబీబీఎస్ చివర ఏడాది ఇంటర్న్‌షిప్ చేస్తున్న డాక్టరు) "నేను కథలు రాస్తాను, డైరెక్షన్ వైపు వెళ్తాను" అన్నాడంటే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగదు.

నేను విజయవాడలో ఫిజీషియన్‌గా ప్రాక్టీసు చేస్తున్నాను, కథలూ రాస్తాను. అందుకని ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు ఎవరో ఒకరి ద్వారా నా దగ్గరికి వస్తుంటారు. "మీరైనా చెప్పండి డాక్టర్ గారూ, మీ మాటైతే వింటాడు" అంటారు. తర్వాత ఆ అబ్బాయో అమ్మాయో విడిగా వచ్చి "మా నాన్నకి మీరే చెప్పాలి సార్" అంటారు. రెండు వైపులా వినిపించే మాటలు ధైర్యం, ప్యాషన్, పిచ్చి, పరువు. ఈ మాటలతో ఎంతసేపు మాట్లాడుకున్నా ముడి విడదు. ఎందుకంటే వైద్యం వదలడం ఒకే ఒక్క నిర్ణయంలా కనిపిస్తుంది గానీ, చదువులో ఏ మెట్టు మీద ఉండగా వదిలారన్న దాన్ని బట్టి దాని ఖర్చు పూర్తిగా మారిపోతుంది. హౌస్ సర్జెన్సీ అవగానే దాదాపు నష్టం లేకుండా అయ్యే పని, పీజీలో చేరిన ఆరు నెలలకు ఇంటిని అప్పుల్లోకి దించుతుంది. అదే మనిషికి పీజీ పూర్తయ్యాక మళ్లీ తేలిక కావచ్చు, అదీ ఏ బ్రాంచి అన్న దాన్ని బట్టి.

కాబట్టి ముందు మెట్లు చూద్దాం.

మన దగ్గర డాక్టరు కావాలన్న నిర్ణయం పదో తరగతి ఫలితాలు వచ్చిన వేసవిలోనే అయిపోతుంది. ఇంటర్లో బైపీసీ తీసుకున్నారంటే డాక్టరే. విజయవాడ శివార్లలో గూడవల్లి, నిడమానూరు, పోరంకి చుట్టుపక్కల హాస్టళ్లలో తెల్లవారుజామున లేచి స్టడీ అవర్లో కూర్చునే పిల్లలకు పదిహేను, పదహారేళ్లు. వాళ్లలో ఎందరో నిజంగా వైద్యం ఇష్టపడతారు, మంచి డాక్టర్లవుతారు. కానీ కొందరికి తమకేది ఇష్టమో తెలుసుకునే తీరిక మొదటిసారి దొరికేది మెడికల్ కాలేజీలో చేరాకే. కాలేజీ డేకి నాటిక వేయడం, ఫోన్‌తో షార్ట్ ఫిల్మ్ తీయడం అప్పుడే మొదలవుతాయి. అందుకే ఇరవై నాలుగేళ్ల డాక్టరు సినిమా అనగానే "ఇన్నాళ్లూ ఏం చేశావు" అని అడగడం నాకు న్యాయంగా అనిపించదు. చాలామందికి అది సొంతంగా తీసుకుంటున్న మొదటి పెద్ద నిర్ణయం.

ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. చేరిన నాటి నుంచి తొమ్మిదేళ్లలోపు కోర్సు పూర్తి కావాలన్నది జాతీయ వైద్య కమిషన్ నిబంధన. మొదటి సంవత్సరం పరీక్షలకు నాలుగు అవకాశాలే. ఈ మధ్యలో మానేస్తే చేతిలో మిగిలేది ఇంటర్ సర్టిఫికెట్ ఒక్కటే. సగం చదివిన ఎంబీబీఎస్‌ని తీసుకెళ్లి ఇంకో డిగ్రీలో కలుపుకునే దారి లేదు. డిగ్రీ లేకపోతే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్షన్ కోర్సుకి కూడా అప్లై చేయలేరు. 1960లో మొదలైన ఆ సంస్థలో అర్హత ఏదైనా డిగ్రీ, అందులో ఎంబీబీఎస్ కూడా ఉంటుంది. అందుకే సెకండియర్‌లో ఉండగా బ్యాగ్ సర్దుకున్నవాళ్లకు నేను ఒకటే చెబుతాను: పూర్తి చేయి నాన్నా, ఈలోపు రాస్తూ ఉండు. ఈ విషయంలో తల్లిదండ్రుల పక్షమే నాది.

ఇంటర్న్‌షిప్ పూర్తై మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకున్న రోజు పరిస్థితి మారుతుంది. ఆ రిజిస్ట్రేషన్‌తో రాష్ట్రంలో ఏ నర్సింగ్ హోమ్‌లోనైనా డ్యూటీ డాక్టరుగా పనిచేయొచ్చు. పీజీ ప్రవేశ పరీక్షకు గరిష్ట వయసు పరిమితి లేదు, ముప్పై ఐదేళ్లకు కూడా వెనక్కి వచ్చి రాయొచ్చు. ఈ మెట్టు మీద సినిమా వైపు వెళ్లిన మనిషి మూసుకున్న తలుపు దాదాపు ఏదీ ఉండదు. హైదరాబాద్ కృష్ణానగర్‌లో గది తీసుకుని, తెలంగాణ కౌన్సిల్‌లోనూ నమోదు చేయించుకుని, వారానికి రెండు మూడు నైట్ డ్యూటీలు చేసుకుంటే అద్దెకీ తిండికీ ఇంట్లో చెయ్యి చాచాల్సిన పని లేదు. సినిమా ఆఫీసుల చుట్టూ తిరిగే మిగతా కుర్రాళ్లలో ఈ వెసులుబాటు ఉన్నవాళ్లు ఎంతమంది?

కానీ చుట్టుపక్కల నుంచి ఒత్తిడి ఎక్కువగా వచ్చేది సరిగ్గా ఈ మెట్టు మీదే. స్నేహితులంతా పీజీ కోచింగ్‌కి వెళ్లిపోతారు. ఉత్త ఎంబీబీఎస్‌కి విలువేముంది అంటారు. పెళ్లి సంబంధాల్లో మొదటి ప్రశ్న "పీజీ ఏ బ్రాంచి?" అనే. అప్పుడు చాలామంది ఒక రాజీకి వస్తారు: ముందు సీటు వస్తే చేరి చూద్దాం, తర్వాత సంగతి తర్వాత. నేను చూసినంతలో అన్నిటికన్నా ఎక్కువ బాధ మిగిల్చేది ఈ రాజీయే. పీజీలో చేరేటప్పుడు బాండు మీద సంతకం పెడతారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీకి ఇస్తారు. మధ్యలో మానేస్తే పెనాల్టీ లక్షల్లో ఉంటుంది. ఇలాంటి సీటు వదిలే బాండ్లను తీసేయమని జాతీయ వైద్య కమిషన్ 2024 జనవరిలో రాష్ట్రాలను కోరింది. అది కోరడమే. మీరు సంతకం పెట్టిన కాగితంలో ఏముందో అదే మీకు వర్తిస్తుంది. 36 గంటల డ్యూటీలతో నలిగిపోయి, ఇటు స్క్రిప్టు ముందుకు కదలక, అటు మానేయడానికి డబ్బు లేక ఇరుక్కున్న పిల్లలతో మాట్లాడినప్పుడు నాకు కడుపు తరుక్కుపోతుంది. అది అసలు సినిమా సమస్యే కాదు. మనసు ఒక చోట పెట్టుకుని సంతకం ఇంకో చోట పెట్టడం వల్ల వచ్చింది.

పీజీ పూర్తి చేశాక లెక్క బ్రాంచిని బట్టి ఉంటుంది. దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మత్తు డాక్టరు, అంటే అనస్థటిస్టు, కేసు లెక్కన పనిచేస్తారు. విజయవాడ సూర్యారావుపేటలో పొద్దున ఒక నర్సింగ్ హోమ్‌లో, మధ్యాహ్నం ఇంకో దానిలో కేసు చేసుకుని వెళ్లేవాళ్లు ఎందరో ఉన్నారు. నెల రోజులు షూటింగ్ ఉంటే ఆ నెల కేసులు ఒప్పుకోరు, అంతే. రేడియాలజిస్టు స్కాన్ రిపోర్టుల్ని ఏ ఊరి నుంచైనా కంప్యూటర్ మీద చూసి ఇవ్వొచ్చు. ఎమర్జెన్సీ మెడిసిన్ వాళ్లది షిఫ్టుల పని, షిఫ్టు అయ్యాక పేషెంటు బాధ్యత తర్వాతి డాక్టరుకి వెళుతుంది. గైనకాలజిస్టు అలా చేయలేరు. ఏడో నెలలో తన దగ్గర చూపించుకుంటున్న తల్లికి కాన్పు రోజున నేనుండను అని చెప్పడం మాట తప్పడమే అవుతుంది. సర్జన్‌కి ఇంకో చిక్కు ఉంది, చెయ్యి. ఆపరేషన్లు ఆపితే చేతి వాటం తగ్గుతుంది, ఏడాది రెండేళ్లయ్యాక తిరిగి రావాలంటే సీనియర్ పక్కన నిలబడి మళ్లీ మొదలుపెట్టాలి. సొంత ఆస్పత్రి పెట్టి, స్కానింగ్ మెషీన్ మీద లోను తీసుకుని, స్టాఫ్‌కి జీతాలిస్తున్న వాళ్ల సంగతి వేరు. వాళ్లు ఉద్యోగం మానేయరు, వ్యాపారం మూసేస్తారు.

ఈ మెట్లన్నిటి కింద ఇంకో లెక్క ఉంది: ఆ చదువుకి డబ్బు ఎవరిది? కన్వీనర్ కోటాలో గుంటూరు మెడికల్ కాలేజీలోనో, విజయవాడ సిద్ధార్థలోనో చదివితే ఏడాది ఫీజు వేలల్లో ఉంటుంది. ప్రైవేటు కాలేజీ బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్ సీటు) అయితే ఏడాదికి 12 లక్షల పైమాటే, సీ కేటగిరీ (ఎన్నారై సీటు) దానికి దాదాపు మూడింతలు. పొలం అమ్మి బీ కేటగిరీలో చదివించిన తండ్రి "నా డబ్బు ఏమైనట్టు?" అని అడిగితే దాన్ని పాత తరం ఆలోచన అని కొట్టేయకూడదు. అరకోటి దాటిన ఖర్చు మీద ఆయనకు అడిగే హక్కు ఉంది. కొందరు పిల్లలు లోను తీరేదాకా డ్యూటీలు చేసి, అప్పుడు బయల్దేరారు. వాళ్ల ఇళ్లలో గొడవ సగానికి సగం తగ్గింది.

వదలకుండా చేసినవాళ్లు, వదిలి చేసినవాళ్లు

డాక్టర్లు సినిమా తీయడం మనకు కొత్తేమీ కాదు. వామపక్ష నాటక సంస్థ ప్రజానాట్యమండలిని నడిపించినవాళ్లలో ముఖ్యుడు గరికపాటి రాజారావు డాక్టరే. 1953లో ఆయన 'పుట్టిల్లు' సినిమాకి దర్శకత్వం వహించారు. మన గుంటూరు జిల్లా దుగ్గిరాలలో పెరిగిన జమునని నాటకంలో చూసి ఆ సినిమాతో తెరకు పరిచయం చేసింది ఆయనే. అంటే డెబ్బై ఏళ్ల కిందటే ఈ ప్రాంతంలో ఒక డాక్టరు నాటకం మీదుగా డైరెక్టరయ్యే దారి వేసి ఉంది. మహారాష్ట్రలో జబ్బార్ పటేల్ పిల్లల డాక్టరు. పుణె దగ్గర దౌండ్‌లో ప్రాక్టీసు చేస్తూనే నాటకాలు వేశారు, 1975లో 'సామ్నా' తీశారు, 2000లో అంబేద్కర్ జీవితాన్ని తెరకెక్కించారు. కేరళలో డాక్టర్ బిజు హోమియో వైద్యుడు, జాతీయ అవార్డులు అందుకున్న దర్శకుడు. తెలుగులో ఇప్పుడు చూస్తే, అమెరికాలో గుండె డాక్టరైన పరుచూరి ప్రవీణ 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' నిర్మించి, అందులో నటించి, 2025లో 'కొత్తపల్లిలో ఒకప్పుడు'తో దర్శకురాలయ్యారు.

విదేశాల్లో తరచూ చెప్పే రెండు పేర్లలో నాకు ఎక్కువ పనికొచ్చే వివరం డబ్బుకి సంబంధించింది. ఆస్ట్రేలియాకు చెందిన జార్జ్ మిల్లర్ సిడ్నీలో డాక్టరుగా పనిచేశాడు. 1979లో వచ్చిన 'మ్యాడ్ మ్యాక్స్' కోసం డబ్బు కూడబెట్టడానికి ఎమర్జెన్సీ కాల్స్‌కి వెళ్లి వైద్యం చేసేవాడు, నిర్మాత బైరన్ కెనడీ కారు నడిపేవాడు. రోడ్డు ప్రమాదాల్లో చితికిన మనుషుల్ని చూసిన అనుభవం ఆ సినిమాలో ఉంది. అమెరికాలో మైకేల్ క్రైటన్ హార్వర్డ్‌లో వైద్యం చదువుతూ, మారుపేర్లతో నవలలు రాసి ఫీజు కట్టుకున్నాడు. 1969లో పట్టా తీసుకుని ప్రాక్టీసుకి వెళ్లనే లేదు. విద్యార్థిగా ఎమర్జెన్సీ వార్డులో చూసిందంతా 1974లో స్క్రిప్టుగా రాస్తే అది 'ఈఆర్' సీరియల్‌గా టీవీలోకి వచ్చింది 1994లో. మధ్యలో ఇరవై ఏళ్లు.

మన పిల్లలు చెప్పే ఉదాహరణలు వేరు. సందీప్ రెడ్డి వంగా పేరు వస్తుంది, శైలేష్ కొలను పేరు వస్తుంది. వంగా చదివింది ఫిజియోథెరపీ, శైలేష్‌ది ఆప్టోమెట్రీ. రెండూ గౌరవించాల్సిన చదువులే, ఇద్దరూ కష్టపడి పైకొచ్చినవాళ్లే. కానీ ఎంబీబీఎస్, పీజీ కలిపి తినేసే తొమ్మిదేళ్లూ, ఆ బాండ్లూ వాళ్ల దారిలో లేవు. పోలిక పెట్టుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

అసలు వదలాల్సిన అవసరమే లేదని నిరూపించినవాళ్లు సాహిత్యంలో ఎక్కువ. డాక్టర్ కేశవరెడ్డి నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆస్పత్రిలో పనిచేస్తూ తెలుగులో నిలిచిపోయే నవలలు రాశారు. అక్కడే సినిమాకి, సాహిత్యానికి తేడా తెలుస్తుంది.

రాయడం వేరు, తీయడం వేరు

"రైటర్ అండ్ డైరెక్టర్ అవుతాను" అని ఒకే మాటగా అంటారు. టైంని బట్టి చూస్తే అవి రెండు వేరువేరు బతుకులు. స్క్రిప్టు రాయడం ప్రాక్టీసు పక్కన సాగుతుంది. ముందు లైన్, అంటే కథ రెండు మాటల్లో, అనుకుంటారు, తర్వాత ట్రీట్‌మెంట్, వన్ లైన్ ఆర్డర్, సీన్ ఆర్డర్, చివరికి డైలాగ్ వెర్షన్‌తో బౌండ్ స్క్రిప్ట్. రెండున్నర గంటల తెలుగు సినిమాకి డెబ్బై, ఎనభై సీన్లు ఉంటాయనుకుంటే, వారానికి రెండు సీన్లు రాసినా ఏడాదిలో ఒక వెర్షన్ పూర్తవుతుంది. నైట్ డ్యూటీ రూమ్‌లో రాయొచ్చు, ఓపీ లేని మధ్యాహ్నం రాయొచ్చు. స్టోరీ సిట్టింగ్స్‌కి మాత్రం మనిషి హైదరాబాద్‌లో ఉండాలి. విజయవాడ నుంచి అది బస్సులో ఐదారు గంటల దారి కాబట్టి వారాంతాల్లో కుదురుతుంది.

డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో చేరితే ఇవేవీ కుదరవు. క్లాప్ కొట్టడం, కంటిన్యుయిటీ రాసుకోవడం దగ్గర మొదలై అసోసియేట్, కో-డైరెక్టర్ దాకా వెళ్లాలంటే పొద్దున్నే లొకేషన్‌లో ఉండాలి, రాత్రి ప్యాకప్ ఎప్పుడో తెలియదు. జీతం ఖర్చులకు సరిపోదు. షెడ్యూల్ మధ్యలో డ్యూటీకి వెళ్లొస్తాననడానికి ఉండదు. మరి డాక్టర్లు కూడా రైటరుగా ఆగకుండా డైరెక్షన్ అనే ఎందుకంటారు? మన పరిశ్రమలో ఎక్కువమంది దర్శకులు తమ కథ తామే రాసుకుంటారు. బయట నుంచి రైటరుగా వచ్చినవాళ్లకు టైటిల్ కార్డులో చోటు ఖాయం కాదు, పేరు వేయకుండా రాయించుకుని (ఘోస్ట్ రైటింగ్) పంపేసే అలవాటు ఉంది. పారితోషికం అడ్వాన్సు దగ్గరే ఆగిపోవడమూ ఉంది. తన కథ తనదిగా మిగలాలంటే తానే తీయాలన్న భయంతో చాలామంది డైరెక్షన్ వైపు వెళ్తారు. అందరికీ ఆ గుణం ఉండదు. రెండు వందల మందిని నడిపించడం మరో రకమైన పని. రాయడమే ఇష్టమైనవాళ్లు రాయడం దగ్గరే ఉండి హక్కులు కాపాడుకునే దారి నేర్చుకోవడం మేలని నా నమ్మకం.

ఆ దారి చట్టంలో కొంత ఉంది. ఉత్త ఆలోచనకు కాపీరైట్ లేదని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో చెప్పింది. కాఫీ తాగుతూ చెప్పిన లైన్‌ని ఎవరైనా వాడుకుంటే కోర్టులో నిలబడటం కష్టం. రాసిన స్క్రిప్టుకి మాత్రం రక్షణ ఉంది, సాహిత్య రచనగా కాపీరైట్ ఆఫీసులో రిజిస్టర్ చేయడానికి ఫీజు 500 రూపాయలు. ఒప్పందంలో కాలం రాయకపోతే హక్కులు ఐదేళ్లకే ఇచ్చినట్టు, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే ఇచ్చినట్టు లెక్క. తీసుకున్నవాళ్లు ఏడాదిలోపు వాడకపోతే, వేరే మాట రాసుకోనప్పుడు, ఆ హక్కు రచయితకే తిరిగొస్తుంది. అందుకే నిర్మాతల ఒప్పందాల్లో "శాశ్వతంగా, ప్రపంచమంతటికీ" అని రాయించుకుంటారు. థియేటర్ బయట సినిమా వాడకం మీద రచయితకు రాయల్టీ వాటా ఉండాలని 2012 సవరణ చెప్పింది, ఆ హక్కును నిర్మాతకు రాసిచ్చినా చెల్లదు. పాటల రచయితలకు అందుతున్నంతగా స్క్రిప్టు రచయితలకు అది ఇంకా అందడం లేదు. ఆపరేషన్ కన్సెంట్ ఫారం పేషెంటుకి వివరించి చెప్పే డాక్టరు, తన ఒప్పందాన్ని చదవకుండా సంతకం పెట్టడం నన్ను బాధపెడుతుంది.

ఇక్కడే ఉండి చేయగలిగింది కూడా ఉంది. ఈ రెండు జిల్లాల్లో పరిషత్తు నాటకాల పోటీలు ఇంకా బతికే ఉన్నాయి. తెనాలిలో, గుంటూరులో, విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో గంటసేపు నాటిక ఆడుతుంటే వెనక వరుసలో కూర్చుని చూడండి. ఏ డైలాగ్ దగ్గర జనం కదిలారో, ఎక్కడ దగ్గులు మొదలయ్యాయో అర్థమైతే స్క్రీన్‌ప్లే పుస్తకాలు పది చదివినంత. రాజారావు గారు నడిచింది కూడా ఆ దారే.

డాక్టరు తీసుకెళ్లేది

సినిమాకి డాక్టరు తీసుకెళ్లేది ఆస్పత్రి కథలేనని అందరూ అనుకుంటారు. నా దృష్టిలో అంతకన్నా విలువైనది హిస్టరీ తీసుకునే అలవాటు, అంటే జబ్బు వెనకున్న సంగతులు అడిగి రాబట్టడం. గుంటూరు పెద్దాస్పత్రి క్యాజువాలిటీలో పనిచేసిన ఏ హౌస్ సర్జన్‌ని అడిగినా పురుగుమందు కేసుల గురించి చెబుతారు. మిర్చి, పత్తి పండే ప్రాంతం, ఇంట్లో డబ్బా ఉంటుంది. తీసుకొచ్చినవాళ్లు "కళ్లు తిరిగి పడిపోయాడు" అంటారు. కనుపాపలు సూది మొనంత చిన్నవై ఉంటాయి, నోట్లో నురగ, ఊపిరితిత్తుల్లో గురగుర. చూడగానే సంగతి తెలుస్తుంది. అట్రోపిన్ ఎక్కిస్తూనే అడగాలి: ఏ మందు, ఎంత, ఎప్పుడు? భార్య పోలీసు కేసవుతుందని దాస్తుంది. అన్న అప్పుల సంగతి బయటపడుతుందని దాస్తాడు. తల్లి ఇంట్లో పెళ్లి కావాల్సిన పిల్ల ఉందని దాస్తుంది. ముగ్గురూ ఒకే అబద్ధం చెబుతున్నారు, ముగ్గురి కారణాలు వేరు. ఆ ముగ్గురిలో ఎవర్ని పక్కకు పిలిచి, ఏ గొంతుతో అడిగితే నిజం చెబుతారో హౌస్ సర్జన్ పది నిమిషాల్లో కనిపెట్టాలి, లేకపోతే మనిషి పోతాడు. డైలాగ్ రాయడంలో కష్టమైన భాగం ఇదే: పాత్ర ఏం చెబుతోంది, దేన్ని దాస్తోంది, ఎవరి కోసం దాస్తోంది. సినిమా స్కూల్లో దీన్ని నెలల తరబడి నేర్పుతారు. మన పిల్లలకు ఇది ప్రాణం మీదకు వచ్చిన చోట అబ్బుతుంది.

అదే చదువు అడ్డం కూడా పడుతుంది. కేస్ షీట్‌లో మనిషి "45 ఏళ్ల పురుషుడు" అయిపోతాడు. పేరు, కోపం, ఇష్టం అన్నీ పోయి లక్షణాలు మిగులుతాయి. ఐదేళ్లు అలా రాసిన చేతికి పాత్ర రాయమంటే, రోగ నిర్ధారణ రాస్తుంది. డాక్టర్లు మొదటిసారి రాసిన స్క్రిప్టుల్లో ప్రతి పాత్ర ప్రవర్తనకూ ఒక కారణం, ఆ కారణానికి ఒక పరిష్కారం కనిపిస్తాయి. ఇంకో సంగతి ఖచ్చితత్వం. మానిటర్ మీద గీత ఎగుడుదిగుడు లేకుండా అడ్డంగా సాగిపోయాక కరెంటు షాక్ ఇచ్చి బతికించే సీన్లు చూసి మనందరం విసుక్కుంటాం. ఆ స్థితిలో షాక్ పనిచేయదు, ఛాతీ నొక్కాలి, అడ్రినలిన్ ఇవ్వాలి. ఆ తప్పు సరిచేయడం మంచిదే. కానీ వైద్యం సరిగ్గా చూపించినంత మాత్రాన సీన్ పండదు. మంచం పక్కన నిలబడ్డ కూతురికి అప్పుడేం కావాలో రాస్తే పండుతుంది.

మర్యాద విషయం కూడా ఉంది. ఇరవై మూడేళ్ల హౌస్ సర్జన్‌ని అరవై ఏళ్ల పెద్దమనిషి లేచి నిలబడి "సార్" అంటాడు. అదే కుర్రాడు ఫిల్మ్‌నగర్‌లో ఒక ఆఫీసు బయట ప్లాస్టిక్ కుర్చీలో సాయంత్రం దాకా కూర్చోవాలి, లోపలికి పిలిచాక కథ సగంలో ఫోన్ మోగితే ఆగాలి. డబ్బు లేకపోవడాన్ని తట్టుకున్నవాళ్లు కూడా దీన్ని తట్టుకోలేక వెనక్కి వచ్చేశారు. పిల్లలకు ఇది ముందే చెప్పి పంపాలి.

పేషెంటు కథ ఎవరిది?

ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. వార్డులో విన్నది సినిమాలో పెట్టుకోవచ్చా? 2002 నాటి వైద్య వృత్తి ప్రవర్తన నియమావళి ప్రకారం, చికిత్సలో తెలిసిన పేషెంటు రహస్యాలు బయటపెట్టకూడదు. ఎవరో గుర్తుపట్టేలా ఫొటో గానీ కేసు వివరాలు గానీ అనుమతి లేకుండా ప్రచురించకూడదు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం, హెచ్‌ఐవీ చట్టం ఆ రెండు రకాల పేషెంట్ల విషయంలో ఇంకా కఠినంగా ఉన్నాయి. ప్రాక్టీసు మానేశాను కదా అంటే ఆ మాట చెల్లదు. పేషెంటు ఆ మాట చెప్పింది డాక్టరుకి, రచయితకు కాదు.

పేరు, ఊరు మార్చేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మనవి చిన్న ఊళ్లు. గుంటూరు బ్రాడీపేటలో ఫలానా లైన్లో, ఫలానా సంవత్సరం, ఇద్దరు ఆడపిల్లలున్న మేస్టారు అంటే పేరు లేకపోయినా తెలిసిపోతుంది. నేను కథలు రాసేటప్పుడు పెట్టుకున్న పద్ధతి చెబుతాను: జబ్బు మారుస్తాను, మనిషి వయసూ కుటుంబమూ మారుస్తాను, ఇద్దరు ముగ్గురు మనుషుల్ని కలిపేస్తాను. పురుగుమందు కేసులో ముగ్గురు మూడు కారణాలతో దాచారని పైన చెప్పానే, అది ఏ ఒక్క కుటుంబానిదీ కాదు. అలాంటి సందర్భం వందల ఇళ్లలో జరుగుతుంది, అందుకే రాయగలిగాను. ఒకే ఒక్క ఇంట్లో జరిగినదైతే ఆ ఇంటివాళ్ల అనుమతి తీసుకోవాలి, ఇవ్వకపోతే రాయకూడదు. ఎంత గొప్ప సీన్ అయినా సరే.

సీటు వృథా అయిందా?

చివరికి వచ్చే ఆరోపణ ఇది: ప్రభుత్వ సీటు తీసుకుని సినిమాలకు పోతే ఒక పేదపిల్ల సీటు పోగొట్టినట్టు కాదా? ఊళ్లలో డాక్టర్లు లేక జనం ఇబ్బంది పడుతున్న చోట ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేను. ఎంబీబీఎస్ విషయంలో నా జవాబు ఇది. ఆ మనిషి ఏడాది పాటు ప్రభుత్వాస్పత్రిలో హౌస్ సర్జన్‌గా రాత్రింబవళ్లు పనిచేశాడు, రిజిస్ట్రేషన్ ఉంచుకున్నాడు, డ్యూటీలు చేస్తూనే ఉన్నాడు. పరాయి దేశం వెళ్లి స్థిరపడ్డవాళ్లను మనం సీటు వృథా చేశారనడం లేదు, గర్వంగా చెప్పుకుంటున్నాం. ఇక్కడే ఉండి తెలుగులో కథ చెబుతానన్న మనిషిని ఎక్కువ తిట్టడం సబబు కాదు. అయితే డ్యూటీలు చేస్తూ ఉన్నాడన్నది ఇందులో ముఖ్యం. ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్, దానికి కావలసిన సీఎంఈ క్రెడిట్లు (వైద్య సదస్సులకు, తరగతులకు హాజరైతే వచ్చేవి) వదిలేయకూడదు. నెలల తరబడి పేషెంటుని ముట్టుకోకుండా వచ్చి ఒంటరిగా నైట్ డ్యూటీ తీసుకోకూడదు. కొన్నాళ్లు పక్కన ఇంకో డాక్టరు ఉండగా చేయాలి. మందుల మోతాదులు, గైడ్‌లైన్స్ మారుతూ ఉంటాయి.

పీజీ సీటు దగ్గర మాత్రం ఆ ఆరోపణకు బలం ఉంది, నేను దానితో ఏకీభవిస్తాను. ప్రవేశాల గడువు ముగిశాక ఎవరైనా సీటు వదిలేస్తే అది ఇంకొకరికి వెళ్లదు. మూడేళ్లూ ఖాళీగా ఉంటుంది, ఆ వార్డులో మిగిలిన ఇద్దరు పీజీలు మూడో మనిషి డ్యూటీ కూడా చేస్తారు. వెయిటింగ్‌లో ఉండి రాక, ఇంకో ఏడాది కోచింగ్‌కి వెళ్లిన పిల్ల ఎక్కడో ఉంటుంది. కాబట్టి సినిమా వైపు మనసున్న హౌస్ సర్జన్ క్యాలెండర్లో గుర్తు పెట్టుకోవాల్సిన తేదీ ఒకటి ఉంది: కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టడానికి ఆఖరు రోజు. ఇంట్లో ఎంత గొడవ జరగాల్సి ఉన్నా దానికి ముందే జరగనివ్వండి.